తంతి పోయింది, స్తంభం మిగిలింది

పాత వ్యాసాల్లో "తంతి తపాలా శాఖ" అనే మాట వచ్చినప్పుడల్లా మా క్లాసులో ఒక నవ్వు లేస్తుంది. "తపాలా సరే సార్, తంతి ఎవర్ని?" అని వెనక బెంచీలోంచి ఎవడో ఒకడు తప్పకుండా అడుగుతాడు. తన్నడానికీ దీనికీ చుట్టరికం లేదనీ, వీణకు బిగించే తీగెను తంతి అంటారనీ, తీగెమీద పోయే కబురుకు మనవాళ్ళు ఆ పేరే ఖాయం చేశారనీ చెబుతాను. మంచి మాట. "దూరవార్తాయంత్రము" లాంటి కొయ్యగుర్రాలు ఎన్ని పుట్టినా నిలవలేదు గాని, తంతి నిలిచింది. ఈ యేడు ఒక అమ్మాయి మరో ప్రశ్న వేసింది: "ఇంటర్నెట్టు వచ్చాక కూడా అది ఇంకా ఉందా సార్?"

లేదు అని ఒక్క ముక్కలో చెప్పి పద్యంలోకి వెళ్ళిపోవచ్చు. కాని అది సగం నిజమే. ఇంటిపెద్ద పోయినప్పుడు చావు ఒక్కటే సంగతి కాదు గదా! ఏ చెంబు ఎవరి వాటాకు వచ్చింది, ఏ చెక్క ఎవరి పేర పడింది అనేది తరవాతి సంగతి. తంతిగారి విషయంలో చావుకబురు అందరం విన్నాం. పంపకాల సంగతే ఎవరూ పట్టించుకోలేదు.

చావు జరిగింది 2013 జూలై 14 రాత్రి. మన దేశంలో ఆఖరి టెలిగ్రాములు పుచ్చుకున్నది ఆనాడే. మర్నాటినుంచి సేవ లేదు. 1850లో కలకత్తానుంచి డైమండ్ హార్బరు దాకా ఓషానెస్సీ అనే ఒక డాక్టరుగారు ప్రయోగంగా తీగె లాగించినది మొదలు లెక్క వేసుకుంటే 163 యేళ్ళు. 1985లో దేశం మొత్తంమీద యేడాదికి 6 కోట్ల తంతులు పోయేవనీ, 45 వేల కార్యాలయాలు ఉండేవనీ, చివరికి 75 కార్యాలయాలే మిగిలాయనీ అప్పటి పత్రికలు రాశాయి. ఆ ఆఖరి రోజున మాత్రం జనం బారులు తీరి నిలబడ్డారు. యేళ్ళ తరబడి గుమ్మం తొక్కనివాళ్ళందరూ జ్ఞాపకార్థం తమకు తామే తంతులు ఇచ్చుకున్నారు. బతికుండగా చూడ్డానికి రాని బంధువులు పన్నెండోనాటి భోజనానికి వచ్చినట్టు!

ఇందులో తమాషా ఏమిటంటే, ఆఖరి మూడేళ్ళలో తంతి తీగెమీద పోనేలేదు. 2010నుంచి అది కంప్యూటర్లలో ఇంటర్నెట్టు మీదనే నడిచింది. కట్టుకట కట్టుకట అనే మోర్సు మీట అంతకు చాలా ముందే అటకెక్కింది. అంటే 2013లో పోయినది తీగె కాదు, యంత్రమూ కాదు. కౌంటరు దగ్గర కాగితం పుచ్చుకుని, గంటా నిమిషం వేసి, రసీదు ఇచ్చే గుమాస్తా పోయాడు. ఆ కాగితాన్ని అవతలి ఊళ్ళో గుమ్మం దాకా మోసుకుపోయే మనిషి పోయాడు.

ఇది మన ఒక్కరి ముచ్చటే కాదు. అమెరికాలో వెస్టరన్ యూనియన్ 2006 జనవరిలో మానేసింది. బెల్జియం 2017 డిసెంబరులో, ఫ్రాన్సు 2018 ఏప్రిలులో, జర్మనీ 2022 ఆఖరి రోజున ముగించాయి. అటు మోర్సు లిపి మాత్రం రేడియో ఔత్సాహికుల చేతుల్లో హాయిగా బతికే ఉంది. 2004లో దానికి ఒక కొత్త గుర్తు కూడా చేర్చారు. ఏ గుర్తనుకున్నారు? ఈమెయిలు చిరునామా మధ్యలో తోక చుట్టుకుని కూచునే ఆ వంకర "ఏ"! తాతగారు మనవడి పేరు పలకడం నేర్చుకున్నారన్నమాట.

మా తరంవాళ్ళకు తంతి అంటే ముందు గుర్తొచ్చేది భయం. నా చిన్నతనంలో తపాలా మనిషి సైకిలు మామూలు వేళ తప్పించి వీధిలో కనిపిస్తే, ఆడవాళ్ళు చేతిలో పని వదిలేసి గుమ్మాల్లోకి వచ్చేవారు. ఎవరింటి ముందు ఆగుతుందో ఆ ఇంట్లో, కాగితం విప్పకముందే శోకాలు మొదలయ్యేవి. విప్పినా ఏం లాభం? అందులో ఉండేది ఇంగ్లీషు. మాటకింత చొప్పున లెక్క గనుక క్రియలూ విభక్తులూ ఎగిరిపోయిన ఇంగ్లీషు. చదివించుకోడానికి బడిపంతులుగారి ఇంటికి పరుగెత్తాలి. ఆయన కళ్ళజోడు వెతుక్కుని, రెండుసార్లు లోలోపల చదువుకుని, "ఏం లేదమ్మా, అబ్బాయికి ఉద్యోగం వచ్చిందట" అనేదాకా ఆ తల్లి ప్రాణం గొంతులో ఉండేది. పెళ్ళి ఆశీర్వాదాలకు మాత్రం భయం లేదు. వాటికి అచ్చువేసిన వాక్యాలుండేవి. ఒక్కో వాక్యానికి ఒక్కో అంకె. అంకె చెబితే చాలు, ఆశీర్వాదం అవతలి ఊళ్ళో పూర్తిపాఠంగా దిగేది.

పెళ్ళిళ్ళకూ చావులకూ ఇవాళ తంతి అక్కరలేదు, నిజమే. వాట్సాపు ఉంది, వీడియో ఉంది, ఏడుపు కూడా ప్రత్యక్షంగా చూడవచ్చు. ఆ మేరకు తంతి కోసం కంట తడిపెట్టడం నాకిష్టం లేదు. కాని తంతికి మరో పని ఉండేది. కోర్టు పక్షులకూ, పోలీసుస్టేషను గుమ్మంలో రాత్రి గడిపినవాళ్ళకూ అది తెలుసు.

ఒక ఇంట్లోంచి అర్ధరాత్రివేళ కొడుకును తీసుకుపోయారనుకోండి. తీసుకుపోయినవాళ్ళు పొద్దున అడిగితే, "మేము తీసుకురాలేదు" అంటారు. మూడోనాడు ఏ ఊరి పొలిమేరలోనో నిన్ననే పట్టుకున్నామంటారు. ఆ మధ్య రోజులు ఎక్కడికి పోయినట్టు? అందుకని అనుభవం గల ప్లీడరు మొట్టమొదట చెప్పే మాట: "ముందు తంతి ఇచ్చిరండి." కలెక్టరుకొకటి, పై పోలీసు అధికారికొకటి, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తికొకటి. ఆ తంతి అందుకుని వాళ్ళు ఏదో చేసేస్తారని కాదు. తారీకు, గంట, నిమిషం పడిన రసీదు చేతికి వస్తుందని. రేపు కోర్టులో, "మా అబ్బాయిని సోమవారం రాత్రే తీసుకుపోయారు. చూడండి, మంగళవారం పొద్దున ఏడింటికే మేము మొత్తుకున్నాం" అనడానికి సాక్ష్యం ఉంటుందని. ఆ సాక్షి ఇటువాడూ కాదు, అటువాడూ కాదు. జీతం ఇచ్చేది సర్కారే అయినా, ఆ గుమాస్తా సర్కారుకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పగల కాగితం ఇచ్చేవాడు. చదువురాని ముసలమ్మకు కూడా ఇచ్చేవాడు. నా మట్టుకు నాకు, 163 యేళ్ళలో తంతి చేసిన గొప్ప పని ఇదే.

సుప్రీంకోర్టు కూడా ఈ తంతిని నమ్ముకుంది. డి.కె. బసు కేసులో 1996 డిసెంబరు 18న ఇచ్చిన తీర్పులో, మనిషిని నిర్బంధిస్తే పోలీసులు పాటించవలసిన నియమాలు చెప్పారు. ఒక లేఖనే పిటిషనుగా తీసుకుని నడిపిన కేసది. పట్టుబడినవాడి బంధువు వేరే జిల్లాలో ఉంటే, 8నుంచి 12 గంటల్లోగా వాళ్ళకు కబురు అందాలి. ఆ కబురు తంతి ద్వారా పోవాలి అని అందులో స్పష్టంగా ఉంది. తరవాత వచ్చిన చట్టసవరణల్లో బంధువుకు వెంటనే తెలియజేయాలనే మాట చేరింది, సంతోషమే. తెలియజేసిన సంగతి మాత్రం స్టేషనులో ఉండే పుస్తకంలో రాసుకోవాలట. రాసేదెవరు? వాళ్ళే. దాచేదెవరు? వాళ్ళే. తంతి రోజుల్లో ఆ రాత మూడో చోట ఉండేది.

ఇప్పుడు వాట్సాపులో నీలిరంగు గీతలున్నాయి గదా అంటారు. ఉన్నాయి. 2018లో బొంబాయి హైకోర్టు ఒక కేసులో ఆ గీతల్ని చూసి, నోటీసు అందినట్టే అని ఒప్పుకుంది. కాని 2025 జనవరిలో సుప్రీంకోర్టు, పోలీసులు నిందితులకిచ్చే హాజరు నోటీసులు వాట్సాపులో పంపితే చెల్లదనీ, చట్టం చెప్పిన పద్ధతిలోనే ఇవ్వాలనీ అన్నది. మంచిదే అన్నది. అదే ఏడాది మన రిజిస్టరు ఉత్తరాన్ని కూడా స్పీడుపోస్టులో కలిపేశారు. రసీదిచ్చే కిటికీలు ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి. ఫోను తెరమీద కనిపించే గంటా నిమిషం కంపెనీవారి దయ. ఫోనే లాక్కుంటే అదీ లేదు.

సరే, ప్రజల వాటా ఇంతే. సర్కారు వాటాకు ఏం వచ్చిందో చూద్దాం.

ఓషానెస్సీగారి తీగెల వెనక వచ్చిన చట్టం 1885నాటి ఇండియన్ టెలిగ్రాఫు చట్టం. అప్పటికి తెల్లదొరలు 1857ను మరచిపోలేదు. తీగెమీద ఎవరి కబురు పోతున్నదో తాము చదవగలగాలి, వద్దనుకుంటే ఆపగలగాలి. అయిదో సెక్షను పని అదే. స్వరాజ్యం వచ్చాక మన ప్రభుత్వాలు ఆ సెక్షనును భక్తిగా భద్రపరిచాయి. ఎమ్మే చదివిన కళ్ళతో చూస్తే ఇదొక అర్థవ్యాకోచం కథ. "టెలిగ్రాఫు" అనే మాట నిర్వచనాన్ని పెంచి, తీగె ఉన్నా లేకపోయినా, రేడియో తరంగాలైనా సరే, అంతా టెలిగ్రాఫే అన్నారు. అందుచేత ఇంటి టెలిఫోను టెలిగ్రాఫు. జేబులోని సెల్‌ఫోను కూడా టెలిగ్రాఫే. ఫోనులో మాటలు చాటుగా వినడానికి ఇన్నేళ్ళూ ఆధారమైనది ఈ 1885నాటి సెక్షనే. ఆ వినడానికి హద్దులుండాలని పౌరహక్కుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తారీకు చూడండి: 1996 డిసెంబరు 18. డి.కె. బసు తీర్పు వచ్చిన రోజే! ఒకే రోజున ఒక తీర్పు, నిర్బంధించినవాడి కబురు చెప్పే నోరుగా తంతిని చూసింది. రెండో తీర్పు, గోడకు ఆనుకుని వినే చెవిగా చూసింది. పదిహేడేళ్ళు తిరక్కుండా నోరు మూతపడింది. చెవి మాత్రం దివ్యంగా పని చేస్తూనే ఉంది.

అక్కడితో ఆగలేదు. తంతి చచ్చిన నాలుగేళ్ళకు, 2017లో, ఈ టెలిగ్రాఫు చట్టం కిందనే ఇంటర్నెట్టు ఆపడానికి నియమాలు రాశారు. 2019 ఆగస్టులో కాశ్మీరులో ఇంటర్నెట్టు ఆగిపోతే, ఆ వివాదం ఈ నియమాల చుట్టూనే తిరిగింది. గడువు లేకుండా ఆపడం కుదరదనీ, ఆపే ఉత్తర్వులు ప్రకటించాలనీ సుప్రీంకోర్టు 2020 జనవరి 10న చెప్పింది. వేగంగల మొబైలు ఇంటర్నెట్టు మళ్ళీ అందరికీ వచ్చేసరికి 2021 ఫిబ్రవరి అయింది. టెలిగ్రాము ఒక్కటి కూడా పోని దేశంలో టెలిగ్రాఫు పేర ఇంటర్నెట్టును ఆపడం! 2023 డిసెంబరులో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. 2024 జూన్ నెలాఖరునుంచి విడతలు విడతలుగా అమలులోకి తెచ్చారు. వినడానికీ ఆపడానికీ అధికారం ఆ కొత్త చట్టంలోకి క్షేమంగా చేరింది. కుండ మారింది గాని పులుసు అదే.

ఇవన్నీ పెద్దల వ్యవహారాలు అనుకుంటే, స్తంభం సంగతి అలాంటిది కాదు. అది చేలోకి వస్తుంది.

మా మేనమామది పల్నాడు. మిరపా, పత్తీ వేస్తాడు. 2018లో ఒక సెలవుల్లో వెళితే, నా చేతిలో ఒక కాగితం పెట్టి, "ఏందిరా అల్లుడూ ఇది? ఎమ్మే సదివినోడివి, సూసి సెప్పు" అన్నాడు. ఆయన చేలోంచి 400 కిలోవోల్టుల కరెంటు లైను పోతుందని ఒక కంపెనీ ఇచ్చిన నోటీసు అది. అధికారం ఏ చట్టం కింద అంటే, విద్యుచ్ఛక్తి చట్టం 2003, దాని వెంటనే ఇండియన్ టెలిగ్రాఫు చట్టం 1885.

"టెలిగ్రాఫా? అది ఎత్తేశారన్నారు గదరా!" అన్నాడు.

"ఎత్తేశారు మామయ్యా. కబురు పంపడమే ఎత్తేశారు. స్తంభం పాతడం ఎత్తెయ్యలేదు."

సంగతి ఏమిటంటే, 1885లో దొరలు ఊళ్ళమీదుగా తంతి తీగె లాగడానికి ఒక సులువు పెట్టుకున్నారు. పదో సెక్షను ప్రకారం ఎవరి నేలలోనైనా స్తంభం పాతవచ్చు. భూమి కొననక్కరలేదు, యజమాని ఒప్పుకోనక్కరలేదు. నేల రైతుదే, వాడుక హక్కు మాత్రం వాళ్ళది. వీలైనంత తక్కువ నష్టం చెయ్యాలి, చేసిన నష్టానికి పూర్తి పరిహారం ఇవ్వాలి. ఎవరైనా అడ్డం వస్తే జిల్లా మేజిస్ట్రేటు చూసుకుంటాడు. పరిహారం చాలదంటే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్ళాలి. ఒక సన్నని కర్రా, దానిమీద రెండు తీగెలూ అయినప్పుడు ఇది పెద్ద అన్యాయమేమీ కాదు. గట్టుమీద కర్ర పాతితే నాగలికి అడ్డమా? 2003 విద్యుచ్ఛక్తి చట్టం 164వ సెక్షను, ఈ సులువునే కరెంటు లైన్లు వేసేవాళ్ళకు దానం చెయ్యవచ్చునని ప్రభుత్వానికి చెప్పింది. కర్ర స్థానంలో నాలుగు కాళ్ళ ఇనుప టవరు వచ్చింది. చట్టం మాత్రం కర్రనాటిదే. యజమాని సమ్మతి ముందుగా అక్కరలేదని సుప్రీంకోర్టు కూడా 2016లో ఖాయం చేసింది.

ఈ లైన్లు అక్కరలేదని నేను అనను. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు లైను కలిసి, దక్షిణాదిని దేశమంతటి కరెంటు వలలో కట్టింది. తంతి పోయిన యేడాదే అది! ఆ తరవాత మన చీకట్లు తగ్గిన మాట నిజం. పట్నంలో నా గదిలో ఫాను తిరిగేది ఎవరో ఒక రైతు చేలోని టవరు పుణ్యమే. ఆ రైతుకు ఏం ముట్టిందన్నదే నా ప్రశ్న.

400 కిలోవోల్టుల లైను కింద 46 మీటర్ల వెడల్పున నడవ విడిచిపెట్టాలి. ఆ లైను చేను మీదుగా నూరు మీటర్లు పోతే ఎకరం పైచిలుకు దాని నీడలో పడుతుంది. అందులో పైరు వేసుకోవచ్చునంటారు, వేసుకుంటారు కూడా. చెట్టు పెంచకూడదు, కొట్టం కట్టకూడదు. బోరు బండి తీగెల కింద నిలబెట్టడానికి బోరువాడు జంకుతాడు. టవరు కాళ్ళ మధ్య ట్రాక్టరు తిరగదు. అమ్ముదామంటే కొనేవాడు ముందు పైకి చూసి, తరవాత ధర చెబుతాడు. 2015లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం టవరు నిలిచిన నేలకు భూమి విలువలో 85 శాతం, తీగె నడవకు మించితే 15 శాతం. విలువ అంటే బజారు విలువ కాదు. సాధారణంగా రిజిస్ట్రారాఫీసు గోడమీద అంటించిన విలువ. ఆ రెండింటికీ ఎంత దూరమో ఎకరం కొన్న ప్రతివాడికీ తెలుసు. 2024 జూన్‌లో ఆ లెక్కను పెంచి టవరుకు 200 శాతం, నడవకు 30 శాతం అన్నారు. నిజంగా మేలు. అయితే ఇది మార్గదర్శకమే గాని, చట్టంలో ఒక్క అక్షరం మారలేదు. అంతకు ముందు కాళ్ళు పాతించుకున్నవాళ్ళకు పాత లెక్కే.

మరి కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది గదా, 1885 రద్దయినట్టేనా? రద్దు చేసే ఆ సెక్షనులోనే ఒక చిన్న వాక్యం పెట్టారు. 164వ సెక్షను కింద వేసే కరెంటు లైన్ల విషయంలో మాత్రం పాత టెలిగ్రాఫు చట్టం మూడో భాగం యథాప్రకారం కొనసాగుతుందని. స్తంభం పాతే భాగం అదే. మిగతా టెలిగ్రాఫు అంతా పోయినా, రైతు చేలో కాలు పెట్టే ముక్క మాత్రం చిరంజీవి.

అటు సాక్ష్యచట్టంలో ఏమైందో కూడా చూడండి. 1872నాటి చట్టంలో 88వ సెక్షను తంతి గురించి. ఆఫీసులో ఇచ్చిన కబురూ, అవతల అందిన కబురూ ఒకటేనని కోర్టు అనుకోవచ్చు. ఇచ్చిన మనిషి ఎవరో మాత్రం అనుకోరాదు అని. ఎంత తూచి రాసిన వాక్యం! 2000లో ఈమెయిళ్ళ కోసం సెక్షను కావలసివస్తే, ఆ వాక్యాన్నే దాదాపు ముక్కకు ముక్కగా దించి, తంతి ఉన్నచోట ఎలక్ట్రానిక్ సందేశం అని పెట్టారు. 2024 జూలైలో అమలులోకి వచ్చిన కొత్త సాక్ష్యచట్టంలో ఈమెయిలు వాక్యం ఉంది, తంతి వాక్యం లేదు. దీపం వెలిగించుకున్నాక అగ్గిపుల్లను పారేసినట్టు.

ఆ అమ్మాయి ప్రశ్నకు ఇదంతా గంటలో చెప్పడం కుదరలేదు. తంతి ఇంకా ఉందనీ, ఎక్కడుందో చూడాలంటే చేలోకి వెళ్ళి తల ఎత్తాలనీ మాత్రం అన్నాను.

మామయ్య పరిహారం చాలలేదని జిల్లా జడ్జిగారి కోర్టులో అర్జీ పెట్టాడు. ప్లీడరు ఆ అర్జీలో రాసింది పదహారో సెక్షను, మూడో ఉపసెక్షను, ఇండియన్ టెలిగ్రాఫు చట్టం, 1885. మొన్న ఫోను చేస్తే, జడ్జిగారు బదిలీ అయ్యారనీ, వాయిదా మళ్ళీ పడిందనీ చెప్పాడు. ఎన్నో వాయిదా అని అడిగితే, "లెక్క మానేశాన్రా" అన్నాడు. ఆ నాలుగు కాళ్ళ మధ్య ట్రాక్టరు పోని చోట ఈ యేడు కంది చల్లాడట, చేత్తోనే.